ఏం పని మీద వచ్చినావు?

హిందూపురంలో చింతపండు మండీ నడిపే ఆదినారాయణ ఇంట్లో, టీవీ పక్కన గోడ మీద ఒక ప్రపంచ పటం ఉంది. జర్మనీలో చదువుకుంటున్న కూతురు కీర్తన శని, ఆదివారాల్లో చుట్టుపక్కల ఏ దేశం చూసి వస్తే, సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చి ఆ దేశం మీద ఒక బొట్టుబిళ్ళ అంటిస్తాడాయన. బొట్టుబిళ్ళలు భార్య నీలావతివి. మొదట్లో పెద్దవి అంటించాడు. లక్సెంబర్గు మీద పెట్టిన బిళ్ళ కింద లక్సెంబర్గుతో పాటు బెల్జియం మొత్తం, ఫ్రాన్సులో కొంత పోయాయి. మరుసటి వారం అమ్మాయి బెల్జియమే పోయింది. ఎక్కడ అంటించాలో తేలక ఆయన ఆ పూట మండీకి ఆలస్యంగా వెళ్ళాడు. అప్పటి నుంచి నీలావతి దగ్గరున్న ఆవగింజంత బిళ్ళల అట్ట ఆయన సొంతమైంది. తొమ్మిది దేశాలయ్యేసరికి యూరప్‌కు అమ్మవారు పోసినట్టయింది. మిగతా భూగోళం ఆరోగ్యంగానే ఉంది.

మండీలో వేలం పాటకు వచ్చిన వాళ్ళకు ముందు కూతురు ప్రయాణం వినిపించి, ఆ తర్వాతే చింతపండు చూపించేవాడు ఆదినారాయణ. పక్క మండీ గోవిందప్ప ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"అదంతా సరే ఏమప్పా, పాప ఏం చదువుతాంది?"

"ఎం.ఎస్."

"ఏంట్లో?"

ఆదినారాయణ కొంచెం ఆలోచించి, "దాంట్లోనే" అన్నాడు. "మొన్న స్విట్జర్లాండు పోయొచ్చింది, తెలుసునా?"

నీలావతికి మాత్రం కూతురు ఏం చదువుతోందో తెలుసు. నీళ్ళను శుభ్రం చేసే చదువు. ఆమెకు అర్థం కానిది ప్రయాణాల సంగతే. ఆదివారం ఫోన్ రాగానే మూడు ప్రశ్నలు వరసగా అడిగేది. ఏం తిన్నావు, ఎవరింట్లో దిగినావు, ఏం పని మీద పోయినావు. మొదటి దానికి జవాబు వచ్చేది. మిగతా రెంటికీ కీర్తన నవ్వేది.

ఆ ఆదివారం కూడా అంతే.

"మాస్ట్రిక్ట్ పోయినా మా. నెదర్లాండ్స్‌లో ఉండాది."

"ఏం పని మీద?"

"పనేముంది? ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే మా. బస్సెక్కినా, దిగినా. నది పక్కన కూచున్నా. కాఫీ తాగినా. మళ్ళా బస్సెక్కి వచ్చేసినా."

"ఎవరింటికీ పోలేదా?"

"ఆడ మనకెవరుండారు?"

"పాస్‌పోర్టు చూపీమనలేదా?"

"ఎవరడుగుతారు? మనం కర్నాటకలో గౌరిబిదనూరు పోయినట్టే మా. రోంత కునుకు తీసి లేస్తే దేశం మారిపోయింటాది."

ఎవరూ లేని ఊరికి, ఏ పనీ లేకుండా పోయి, ఏమీ కొనకుండా తిరిగి రావడం. నీలావతి ఆ మాటను లోపల రెండు మూడు సార్లు తిప్పి చూసుకుంది. ఎక్కడా పట్టు దొరకలేదు.

"సరే గాని మా, నువ్వు ఊరికే యాడికన్నా పోయింది ఎప్పుడు?" అంది కీర్తన.

"నేనా? పోయిన నెల్లోనే గదా అనంతపురం..." అని ఆగింది నీలావతి. అది ఆడపడుచు కొడుకు నిశ్చితార్థం. తిరుపతి మూడేళ్ళ కింద మొక్కు తీర్చడానికి పోయింది. బెంగుళూరు నాలుగుసార్లు పోయిందిగానీ, నాలుగుసార్లూ అత్తకు కంటి ఆపరేషన్ కోసమే. బెంగుళూరు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఆమె చెప్పగలిగింది ఒక ఆస్పత్రి మూడో అంతస్తు గురించి. పెనుకొండ పుట్టిన ఊరే. అయినా పెళ్ళయ్యాక అక్కడికి పోయినవన్నీ చావులకు, సీమంతాలకు, తమ్ముడి ఇంటి గృహప్రవేశానికి. చిన్నప్పుడు అయిదో తరగతిలో బడి వాళ్ళతో ఎక్కిన కోట కొండను ఆ తర్వాత కారు కిటికీలోంచే చూసింది. ధర్మవరంలో షహీన్ ఉంది. డిగ్రీ మూడేళ్ళూ ఒకే బెంచీలో కూర్చున్న షహీన్. ఇరవై నాలుగేళ్ళలో ఆ ఇంటికి రెండుసార్లు పోయింది. ఒకటి బంధువుల పెళ్ళికి చీరలు కొనడానికి, నలభై నిమిషాలు. రెండోది షహీన్ నాయన పోయినప్పుడు, ఇంకా తక్కువ సేపు.

"గుర్తుకొస్తే చెప్తాలే" అని ఫోన్ పెట్టేసింది. మూడు రోజులు గడిచినా ఒక్కటీ గుర్తుకు రాలేదు.

బుధవారం మధ్యాహ్నం, భర్తకు, అత్తకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. "ఈ శనివారం పెనుకొండకు పోయి, ఆదివారం ధర్మవరం చూసుకొని సాయంత్రానికి వచ్చేస్తా."

అత్త వెంకటక్క ముద్ద కంచంలోనే వదిలేసింది. "ఎవరికేమయిందే?"

"ఎవరికీ ఏమీ కాలేదత్తా."

"మరేంటికి?"

"ఊరికే."

వెంకటక్కది మడకశిర వైపు. ఏదైనా పెద్ద మాట లోపలికి దిగాలంటే ఆమె దాన్ని కన్నడంలోకి మార్చుకోవాలి. "సుమ్నేనా?" అంది, ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని. "సుమ్నే ఎవరన్నా పొరుగూరికి పోతారా? వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆదినారాయణ తనను తాను చాలా విశాలమైన మనిషిగా ఎంచుకుంటాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలియజేస్తుంటాడు కూడా. "నువ్వుండుమా. ఆయమ్మిని ఒక్కదాన్నే జర్మనీకి పంపినోన్ని, నేనొద్దంటానా? పో నీలా, నిమ్మళంగా పోయిరా. ఏం పనో చెప్పి పో, అంతే."

"పనేం లేదు. అదే చెప్తాండా."

"లేకుంటే పెట్టుకుందాంలే" అన్నాడాయన ఎంతో ఉదారంగా.

శుక్రవారానికల్లా ఇంటిల్లిపాదీ కలిసి ఆమెకు పనులు సమకూర్చిపెట్టారు, దారికి పులిహోర కట్టినంత ప్రేమగా. గోవిందప్ప కూతురి పెళ్ళి పత్రికలు పెనుకొండలో రెండిళ్ళలో ఇవ్వాల్సి ఉంది, అవి తీసుకుపోవచ్చు. పెనుకొండ బాబయ్య స్వామి దర్గాలో మనవరాలి పేరు మీద చక్కెర చదివించాలని వెంకటక్క ఎప్పటి నుంచో అనుకుంటోంది, అది తీసుకురావచ్చు. ధర్మవరంలో ఒక ఇంజనీరు పిల్లవాడున్నాడట, ఇల్లూ వాకిలీ ఎలా ఉన్నాయో వీధిలోంచి ఒకసారి చూసి రావచ్చు. పక్కింటి హుస్సేన్‌బీ కూడా గోడ మీద నుంచి ఒక జాకెట్టు గుడ్డ చాచింది. "దీనికి సరిపొయ్యే అంచు ధర్మవరంలో దొరుకుతాదంట నీలక్కా."

నీలావతికి అందరి మీదా జాలేసింది. కానీ ఒక్క పెళ్ళి పత్రిక సంచిలో పడితే ఇది పెళ్ళి పత్రికల ప్రయాణమైపోతుంది. కాస్త చక్కెర పొట్లం పడితే మొక్కు ప్రయాణం అవుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఎక్కడికి పోయినా ఎవరిదో ఒకరి పని ఆమె కంటే ముందు ఊరు చేరేది, ఆమె దాని వెనక పోయేది. ఈ ఒక్కసారి, ఏ పనీ మోయకుండా పోయి రావాలి. ఆమె కోరిక అంతే. అందుకని పత్రికలు పత్రికల దగ్గర, జాకెట్టు గుడ్డ గోడ మీద పెట్టేసి, సంచిలో ఒక చీర, తువ్వాలు, నీళ్ళ సీసా సర్దుకుంది.

ఆదినారాయణ ఆ సంచి వైపు చాలాసేపు చూశాడు. పని చెబుతున్నా వద్దంటోందంటే, చెప్పలేని పని ఏదో ఉందన్నమాటే అని ఆయనకు అప్పుడే అనుమానం మొదలైంది.

శనివారం పొద్దున రైల్లో నీలావతికి కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా పూలబుట్టతో ఒకామె కూర్చుంది. రైలు హిందూపురం దాటక ముందే ఆమె నీలావతిని, చిన్న సంచిని, పక్కన ఖాళీగా ఉన్న చోటును మార్చి మార్చి చూసి అడిగింది.

"ఎవరు పోయినారు తల్లీ?"

"ఎవరూ పోలేదమ్మా. పెనుకొండకు ఊరికే పోతాండా."

పూలామె ముందుకు వంగి నీలావతి మోకాలి మీద చెయ్యి వేసింది. "ధైర్యం చెడొద్దు. నాక్కూడా మొగుడు ఇట్లాంటోడే" అని, ఒక మూర మల్లెపూలు తెంపి ఒళ్ళో పెట్టింది. ఎంత చెప్పినా డబ్బులు తీసుకోలేదు.

పెనుకొండలో తమ్ముడు కిషోర్‌కు నీళ్ళ పైపుల అంగడి ఉంది. ఇల్లు అంగడి వెనకే. గడపలో నీలావతిని చూడగానే అతని భార్య వరలక్ష్మి, "రా వదినా" అని చెంబుతో నీళ్ళిచ్చి, సంచి అందుకొని ఒకసారి బరువు చూసింది. తేలిగ్గా ఉంది. ఆ తేలిక ఆమెకు నచ్చలేదు.

"అన్న రాలేదా?"

"ఆయనకు మండీ ఉండాది గదా."

"అన్నకు చెప్పే వచ్చినావా?"

"చెప్పకుండా ఏంటికొస్తా?"

"అదేలే వదినా" అంది వరలక్ష్మి, చెప్పకుండానే వచ్చిందని తేలిపోయినట్టు. కిషోర్ అంగడిలోంచి వచ్చి, కుర్చీ దగ్గరగా లాక్కొని, గొంతు బాగా తగ్గించాడు. "అక్కా, బావ ఏమన్నా అన్నాడా?"

"ఏమంటాడు రా? ఊరికే వచ్చినా. కొండెక్కి కోట చూసొస్తా."

వరలక్ష్మి చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగింది. "ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 

నీలావతి కాఫీ తాగి, పూలు తలలో పెట్టుకొని బయల్దేరింది. మెట్లు అరిగిపోయి, కంపచెట్లు దారికి అడ్డం పడి ఉన్నాయి. పావు కొండ ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. నిలబడి వెనక్కి తిరిగి చూస్తే, ఇరవై అడుగుల కింద కిషోర్ కోట గోడను చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. ఆమె నడిస్తే అతను నడిచాడు. ఆగితే ఆగాడు. పైన ఒక బురుజు దగ్గర, కూతురికి పంపడానికి ఫోటో తీద్దామని ఆమె రాయి అంచుకు రెండడుగులు వేసిందో లేదో, "అక్కా!" అని కేక పెట్టి, చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకున్నాడు.

"తప్పు పని చెయ్యొద్దక్కా! ఆడపిల్ల పెండ్లి చెయ్యాల్సినదానివి! ఏమొచ్చినా నేనుండా!"

"ఫోటో తీస్తాండా రా."

కిషోర్ ఫోన్ వైపు చూశాడు. లోయ వైపు చూశాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. అలాగే ఇద్దరూ రాతి మీద కూర్చున్నారు. కింద చెరువు, దాని అవతల రైలు పట్టాలు, బెంగుళూరు దారిలో బొమ్మల్లా లారీలు. గాలి చల్లగా తగులుతోంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే అంగడి పెట్టుకున్న కిషోర్ ఈ కొండెక్కి ఇరవై ఏళ్ళు దాటిందట. ఎవరైనా బంధువులు వచ్చి చూపించమంటే తప్ప ఎవరెక్కుతారు, వచ్చిన బంధువులు భోజనం చేసి పోతారే గానీ కొండ అడగరు గదా అన్నాడు.

"బాగుందక్కా ఈడ" అన్నాడు కాసేపటికి, తనకే ఆశ్చర్యంగా. ఆ వెంటనే తేరుకొని, "అయినా నిజం చెప్పక్కా" అన్నాడు.

ఆ సాయంత్రం అతను అంగడిలో పైపుల వెనక నిలబడి బావకు ఫోన్ చేశాడు. "అక్క కొండెక్కింది బావా. ఫోటో తీసింది. దిగింది. ఏమీ చెప్పల్యా." అవతల ఆదినారాయణ, "ఫోటోనా? ఎవరికి పంపింది?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ధర్మవరం స్టేషన్లో షహీన్ ఎదురు వచ్చి, నలుగురూ చూస్తుండగానే వాటేసుకుంది. కొంచెం లావైంది, కళ్ళజోడు వచ్చింది. నవ్వు మాత్రం బెంచీలో వదిలేసినప్పటిదే. ఆటోలో ఇంటికి పోయేసరికి ముందు గదిలో తెల్లటి దుప్పటి పరిచి ఉంది. దాని మీద ముప్ఫై పట్టుచీరలు. షహీన్ భర్త ముస్తాక్‌కు సొంతంగా ఆరు మగ్గాలున్నాయి. నేయించిన చీరలు ఇంట్లోనే అమ్ముతాడు.

"రా అక్కా, కూచో" అన్నాడు ముస్తాక్. "ముహూర్తం యాపొద్దు?"

"ఎవరికి?"

"ఇంకెవరికి? కీర్తన పాపకు. ఏమ్మా, మాకు చెప్పకనే పెండ్లి కుదుర్చుకుంటిరే."

"పెండ్లీ లేదు ఏమీ లేదు ముస్తాక్. ఊరికే వచ్చినా."

ముస్తాక్ అర్థమైనట్టు నవ్వాడు. పాతికేళ్ళుగా అతని ఇంటికి వచ్చినవాళ్ళలో పెద్ద పెద్ద బేరాలన్నీ "ఊరికే చూసిపోదామని వచ్చినాం" అన్న మాటతోనే మొదలయ్యాయి. ఆ మాట ఎంత తేలిగ్గా అంటే బేరం అంత గట్టిదని అతని అనుభవం. లోపలికి పోయి, బీరువాలోంచి ఇంకో పన్నెండు చీరలు తెచ్చి పరిచాడు. అన్నీ మొదటి ముప్ఫై కంటే ఖరీదైనవి. వాటిలో ఒకటి చిలకపచ్చ, ఆవపువ్వు రంగు అంచు. నీలావతి వేళ్ళు దాని మీద ఒక్క క్షణం నిలిచాయి. ముస్తాక్ ఆ క్షణాన్ని చూశాడు. చూసి, పెరట్లో బావి దగ్గరికి పోయి హిందూపురానికి ఫోన్ చేశాడు.

"ఆదన్నా, అక్క వచ్చింది. ఎంతలో చూపీమంటావు?"

"దేనికి?"

"పాప పెండ్లికి."

షహీన్, నీలావతి ఇదేమీ తెలియక మగ్గాల గది గడపలో కూర్చున్నారు. ఆదివారం కావడంతో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. లెక్చరర్ల నడకలు, హాస్టల్ సాంబారు, షహీన్ పెళ్ళిలో నీలావతి చెప్పులు పోవడం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. మధ్యలో షహీన్ రెండుసార్లు ఆగి అడిగింది.

"నిజం చెప్పు నీలా. ఏమీ లేదా?"

"ఏమీ లేదే."

"దుడ్లేమన్నా కావాల్నా?"

"ఒద్దు. నిన్ను చూద్దామని వచ్చినా. చూస్తాండా."

మూడోసారి షహీన్ అడగలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఈ ఇంటికి అందరూ చీరకే వస్తారు నీలా" అంది. "మా చిన్నమ్మ వచ్చినా చీరకే. నా ఆడపడుచులు వచ్చినా చీరకే. కాఫీ ఇస్తాంటే నా మొగం గూడా చూడరు, అంచు చూస్తాంటారు. ఇన్నేండ్లకు నాకోసం వచ్చిందానివి నువ్వొక్కదానివే."

ఊరికే అన్న మాటకు అంత బరువుంటుందని నీలావతి అనుకోలేదు.

భోజనాల వేళకు వీధిలో కారు ఆగింది. ముందు ఆదినారాయణ దిగాడు. వెనక సీట్లోంచి వెంకటక్క, ఆమె చేతిలో దర్గా చక్కెర పొట్లం. దారిలో పెనుకొండలో ఎక్కించుకున్న కిషోర్ చివర దిగాడు. ముగ్గురూ తెల్ల దుప్పటి చుట్టూ, నలభై రెండు పెళ్ళిచీరల మధ్య కూర్చున్నారు. పంచాయితీకి అంత కళకళలాడే చోటు ఎవరికీ దొరికి ఉండదు.

"నీలా" అన్నాడు ఆదినారాయణ, కళ్ళు మూసుకొని. "నాకంతా అర్థమయింది. కొండెక్కి ఏడ్చినావు. ఈడికొచ్చి చీరలు తీస్తాండావు. నేను కోప్పడను. ఒక్క మాట చెప్పు. ఏ దేశమోడు?"

"ఎవరు?"

"మన పాప చేసుకునేటోడు."

వెంకటక్కకు ఇంకో అనుమానం ఉంది. "బొట్టు పెట్టిన దేశమోడేనా, పెట్టని దేశమోడా?"

"అక్కా, నిన్న కొండ మీదనే చెప్పింటే పొయ్యేది గదా" అన్నాడు కిషోర్ బాధగా.

"అయితే ముహూర్తం ఇంకా పెట్టలేదా అన్నా?" అన్నాడు ముస్తాక్, చిలకపచ్చ చీర మడత విప్పుతూ.

నీలావతి నలుగురినీ చూసింది. చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది ఒకే మాట. దాన్ని ఈ రెండు రోజుల్లో ఒక్క మనిషి తప్ప ఎవరూ పుచ్చుకోలేదు. ఫోన్ తీసి కూతురికి వీడియో కాల్ చేసి, అందరికీ కనిపించేలా ఒక చీరల దొంతరకు ఆనించి పెట్టింది.

తెర మీద చెట్లు, ఎర్ర టోపీ పెట్టుకున్న కీర్తన ముఖం, వెనక ఒక రాతి స్తంభం. "మా! చూడు, మూడు దేశాలు కలిసే చోట ఉండా. మా ఊరి నుంచి సిటీ బస్సే. ఈడ జర్మనీ," అని ఒక అడుగు పక్కకు వేసింది, "ఇది బెల్జియం. ఇదేమో నెదర్లాండ్స్." మూడడుగుల్లో మూడు దేశాలు తిరిగి వచ్చి, అప్పుడు తెరలోకి వంగి చూసింది. "అవ్వా? మామా? నాయనా, నువ్వు గూడా ఆడే ఉండావా? అందరూ ధర్మవరంలో ఉండారా? ఏం పని మీద?"

వెంకటక్క కొడుకు వైపు చూసింది. కిషోర్ పైకప్పు వైపు చూశాడు. ఆదినారాయణ నోరు తెరిచి, మూసి, నలభై రెండు చీరల మీదుగా చూపు తిప్పి, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఊ... ఊరికేనమ్మా."

"సూపర్ నాయనా!" అంది కీర్తన. "సరే, నా స్నేహితురాళ్ళు పిలుస్తాండారు, పోతా." ఆమె తిప్పిన ఫోన్లో ఇద్దరమ్మాయిలు రొట్టె తింటూ చెయ్యి ఊపారు. అంతే. ఏ దేశమోడూ లేడు.

ఆదినారాయణ పెద్దగా ఊపిరి వదిలాడు. ఆయనకు మనసు తేలికైంది, అయినా చేతులు ఖాళీగా ఉన్నట్టనిపించింది. ఆదివారం పూట కారులో డీజిల్ పోసుకొని, ముగ్గురు పెద్దమనుషులు ధర్మవరం దాకా వచ్చి ఉత్త చేతులతో పోతే ఎలా? ఆయన చూపు చిలకపచ్చ చీర మీద ఆగింది.

"నీలా, వచ్చినందుకు ఇది తీసుకో. నీకు బాగుంటాది."

గదిలో గాలి తేలికపడింది. ముస్తాక్ ముఖం విప్పారింది. వెంకటక్క తల ఊపింది. ఆ చీర ఒక్కటి సంచిలో పడితే చాలు, రెండు రోజుల ఈ ప్రయాణానికి కాళ్ళూ చేతులూ వచ్చేస్తాయి. నీలావతి ధర్మవరానికి చీర కోసం పోయింది. అందరూ హాయిగా చెప్పుకోవచ్చు. చీర కూడా నిజంగానే మనసును లాగుతోంది. ఆవపువ్వు అంచు మీద మధ్యాహ్నపు వెలుగు పడి ఇంకా నిగనిగలాడుతోంది. నీలావతి తలెత్తి షహీన్ వైపు చూసింది. షహీన్ వంటింటి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకు నీళ్ళ గ్లాసులు సర్దుతోంది. అలవాటైన పనిలా, తల వంచుకొని.

"ఒద్దు" అంది నీలావతి.

"బాగలేదా?"

"చానా బాగుండాది."

"మరేంటికొద్దు?"

"చీరకు రాలేదు. షహీన్‌ను చూడ్డానికి వచ్చినా. చూసినా. అన్నం తిని పోతా."

షహీన్ చేతిలో గ్లాసు ఒకటి ఇంకోదానికి తగిలి టంగుమంది.

భోజనాలయ్యాక ఆదినారాయణ తల్లికి ఒక చీర తీసుకున్నాడు. వెంకటక్క ఒకటి చాలదని రెండు తీసుకుంది. దాంతో వాళ్ళ ప్రయాణానికి పని దొరికింది, ముగ్గురి ముఖాల్లోనూ రంగు వచ్చింది. కారులో చోటున్నా నీలావతి ఎక్కలేదు. రైలుకు పోతానంది. షహీన్ స్టేషన్ దాకా వచ్చి, రైలు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకొని ఏవేవో చెబుతూనే ఉంది. వాటిలో ఒక్కటి కూడా అవసరమైన మాట కాదు.

సోమవారం పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే గోడ మీద నుంచి హుస్సేన్‌బీ తొంగి చూసింది. కీర్తనకు పెళ్ళి కుదిరిందని అప్పటికే మండీ వీధంతా పాకింది. ఆ వెనకే, కుదరలేదన్న సంగతి కూడా పాకి, మధ్యవర్తులు మూడు సంబంధాలతో ఫోన్ చేశారు.

"ఏం పని మీద పోయుంటివి నీలక్కా?"

"ఊరికే పోయినా హుస్సేన్‌బీ."

హుస్సేన్‌బీ కాసేపు ఎదురుచూసింది. ఇంకేమీ రాకపోయేసరికి ముఖం కొంచెం చిన్నది చేసుకుంది. "చెప్పేది ఇష్టం లేకుంటే పోనీలేక్కా. నేనేమన్నా బలవంతం చేస్తాండానా?"

లోపల ఆదినారాయణ స్నానం చేసి పటం ముందు నిలబడి ఉన్నాడు. ఈ వారం కీర్తన కొత్త దేశమేమీ పోలేదు. అంటించడానికి ఏమీ లేక, బొట్టుబిళ్ళల అట్ట చేతిలో పట్టుకొని అలవాటు కొద్దీ నిలబడ్డాడు. నీలావతి వచ్చి ఆ అట్టలోంచి ఒక బిళ్ళ తీసి, ఇండియా కింది భాగంలో, సుమారుగా చూసి అంటించింది. దాని కింద హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ పట్టాయి. బెంగుళూరు ఆస్పత్రి కూడా పట్టింది.

ఆయన దగ్గరికి పోయి, కళ్ళు చిట్లించి చూశాడు. "మండీలో అడిగితే ఏం పని మీద పోయిందని చెప్పాల?"

"కీర్తన పోయినప్పుడు ఏం చెప్తాండారు?"

"ఊరికే పోయిందని."

"అదే చెప్పండి."

ఆదినారాయణ చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, భార్యకు సాయం చేద్దామనే. చివరికి తల అడ్డంగా ఊపాడు. "అది బెల్జియం కాబట్టి నమ్మినారు నీలా. ధర్మవరానికి ఊరికే పోయిందంటే ఎవరూ నమ్మరు."

నీలావతి ఆయన చేతిలోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసుకొంది. ఇంకా పదకొండు బిళ్ళలున్నాయి.

"అయితే నమ్మేదాకా పోతాంటా" అంది.